జారని గుడ్డ

మొన్న తాడేపల్లిగూడెంలో ఒక బట్టల కొట్లో జాకెట్టు ముక్క కోసం నిలబడి ఉన్నాను. పక్క కౌంటరు దగ్గర కొట్టాయన తానులోంచి గుడ్డ కొలిచి, అంచు దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో పర్రుమని చించాడు. ఆ చప్పుడుకి నా పళ్ళు జివ్వుమన్నాయి. ఎవరూ ఏమీ అనకుండానే నాకు చిరాకు ముంచుకొచ్చింది. గుడ్డ చింపిన చప్పుడు విన్నప్పుడల్లా ఒక మనిషి మీద నాకిలాగే విసుగొస్తుంది. ఆవిడ పోయి ఏడాది దాటింది. పోయినవాళ్ళని తలుచుకుంటే కళ్ళు చెమర్చాలంటారు. నాకు మాత్రం ముందు కోపమొస్తుంది, మిగతావన్నీ ఆ తరవాతే.

ఆవిడ పేరు ఎస్తేరమ్మ గారు. ఏలూరులో మేము అద్దెకుండే ఇంట్లో ఎదురు వాటా ఆవిడది. భర్త ఎప్పుడో పోయారు. కొడుకు రాజమండ్రిలో ఉద్యోగం. ఆవిడ బస్టాండులో ఎంక్వయిరీ కిటికీ వెనక కూర్చుని మైకులో బస్సుల సంగతులు చెప్పే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మైకు అక్కడే వదిలేసి వచ్చారు గానీ గొంతు మాత్రం వెంట తెచ్చుకున్నారు. మా వైపు వాళ్ళు మెత్తగా మాట్లాడతారని పేరు కదా. ఆవిడా మాట మాటకీ ‘అండీ’ అనేవారు, కాకపోతే ఆ అండీ వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినిపించేది. పై వాటా వాళ్ళకి గ్యాసు బండ వచ్చినా, మూడో ఇంటబ్బాయి పరీక్ష తప్పినా, మా ఇంట్లో పాలు విరిగినా, వీధికంతటికీ ఆవిడ నోటివెంటే తెలిసేది. అందులో ఎవరి మీదా కోపం గానీ ఎగతాళి గానీ ఉండేది కాదు. బస్సు వచ్చిందంటే వచ్చిందని చెప్పాలి, రాకపోతే రాలేదని చెప్పాలి, అంతే. మనుషుల సంగతులు కూడా ఆవిడకి బస్సుల్లాంటివే.

నేను అందుకు పూర్తిగా విరుద్ధం. కొల్లేరు వైపు ఒక ఊళ్ళో హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పాఠం తప్ప మిగతా ఏదీ పదిమందిలో గట్టిగా మాట్లాడి ఎరగను. కాదనడం అసలు చేతకాదు. అలాంటి నాకు రొమ్ములో గడ్డ వచ్చింది. విజయవాడలో ఆపరేషను చేశారు, తరవాత కీమో మొదలుపెట్టారు. మా ఆయన రమణ గారు బంధువులందరికీ ‘ఒంట్లో కాస్త నలతగా ఉంది’ అని ఫోన్లో చెప్పుకుంటూ వచ్చారు. మేమిద్దరమే ఉన్నప్పుడు కూడా ఆ జబ్బు పేరు ఎత్తేవాళ్ళం కాదు. ‘దానికి’ అనేవాళ్ళం. దానికి మందులు, దానికి స్కానింగు. జుట్టు రాలడం మొదలైంది. దిండు మీదా, దువ్వెనలోనూ, ఆఖరికి అన్నం కంచంలోనూ. ఒకరోజు ఆయనే ట్రిమ్మరు పెట్టి మిగిలింది తీసేశారు. విజయవాడ నుంచి ఒక విగ్గు తెచ్చారు పాపం. ఏలూరు ఎండలో ఆ విగ్గు పెట్టుకోవడమంటే తల మీద పిల్లిని కూర్చోబెట్టుకున్నట్టే ఉండేది. స్కూలుకి సెలవు పెట్టేశాను. తలుపులేసుకుని ఇంట్లోనే ఉండిపోయాను. మళ్ళీ స్కూలుకి వెళ్ళే ఆలోచన మెల్లమెల్లగా వదిలేసుకుంటున్నాను కూడా. ఆ మాట పైకి అనలేదంతే.

ఒక మధ్యాహ్నం ఎస్తేరమ్మ గారు మజ్జిగ గిన్నెతో పిలవకుండానే లోపలికి వచ్చేశారు. నేను ఫ్యాను కింద బోడితలతో కూర్చుని ఉన్నాను. గబగబా తువ్వాలు అందుకోబోయాను.

“ఉంచు, ఉంచు” అన్నారు. మజ్జిగ గిన్నె బల్ల మీద పెట్టి, పుచ్చకాయ బేరం చేసేవాళ్ళు చూసినట్టు నా చుట్టూ తిరిగి చూశారు. “నీ తల మంచి గుండ్రంగా ఉందమ్మాయ్. మా ఆయనకి జుట్టూడితే వెనక సొట్ట బయటపడింది. నీకదేం లేదు.”

నాకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. ఇలాంటప్పుడు చుట్టాలు ఓదార్పు మాటలంటారు, లేదా చూసీ చూడనట్టు ఊరుకుంటారు. ఈవిడ సొట్టల గురించి మాట్లాడుతున్నారు.

“ఆ విగ్గు పెట్టుకుంటే ఉడికిపోతావు. మనం స్కార్ఫుకి మంచి గుడ్డ కొందాం. రేపు పొద్దున్నే తయారయ్యుండు.”

“నేను రాలేనాంటీ.”

“వస్తావులే” అని మజ్జిగ గిన్నె ఖాళీ చేయించి, తీసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు నిజంగానే వెళ్ళాను. కాదనడం కంటే వెళ్ళి రావడమే తేలికనిపించింది. ఏలూరులో మా ఇంటికి దగ్గర్లోనే ఒక పెద్ద బట్టల కొట్టు. పెళ్ళిళ్ళ కాలం, లోపల జనం కిటకిటలాడుతున్నారు. విగ్గు మీద చీర కొంగు కప్పుకుని మూలగా నిలబడ్డాను. ఎస్తేరమ్మ గారు కౌంటరు మీద చెయ్యి వేసి, సరిగ్గా బస్టాండు గొంతుతో అన్నారు: “ఏవండీ, మా అమ్మాయికి మందుల వల్ల జుట్టంతా పోయిందండీ. తలకి చుట్టుకోవడానికి మంచి గుడ్డ చూపించండి.”

పట్టుచీరల దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ నా వైపు తిరిగి, “అయ్యో, ఏం జబ్బమ్మా?” అని అడిగింది. నేను నోరు తెరిచే లోపే ఎస్తేరమ్మ గారు, “క్యాన్సరండీ. మొదట్లోనే పట్టుకున్నారు, భయం లేదన్నారు” అని చెప్పేశారు. అన్ని నెలలుగా మా ఇంట్లో ఎవరూ పలకని మాట, చీరలు మడతపెట్టేవాళ్ళ మధ్యా, జాకెట్టు ముక్కలు బేరమాడేవాళ్ళ మధ్యా అలా గాల్లోకి వెళ్ళిపోయింది. భూమి నిలువునా చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. ఆవిడ మాత్రం అప్పటికే తానులు విప్పిస్తున్నారు. “పట్టులా మెరిసేదైతే హుందాగా ఉంటుంది” అంటూ ఎర్రటి శాటిన్ గుడ్డ ఎంచారు. వేళ్ళ మధ్య నీళ్ళలా జారింది. వేళ్ళ మధ్య జారేది తల మీద కూడా జారుతుందని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. నేను అక్కణ్ణుంచి బయటపడితే చాలనుకుని సరేనన్నాను.

ఆ శాటిన్ గుడ్డ కట్టించి, గాలి మారుతుందని నన్ను బస్టాండుకి తీసుకెళ్ళారు. గాలి మార్పుకి మనుషులు ఏ కాలువ గట్టుకో వెళ్తారు. ఆవిడకి మాత్రం ప్రపంచంలో చల్లటి చోటు బస్టాండే. పాత స్నేహితులందరినీ పలకరిస్తూ నన్ను పరిచయం చేస్తున్నారు. ఇంతలో కైకలూరు బస్సు ఒకటి విసురుగా లోపలికొచ్చింది. ఆ గాలికి ముడి జారి, గుడ్డ నా తల మీంచి లేచి, ప్లాట్‌ఫారం మీద దొర్లుకుంటూ పోయింది. నేను రెండు చేతులూ తల మీద పెట్టుకుని నిలబడిపోయాను. ఎస్తేరమ్మ గారు దాని వెనకే పరిగెత్తుతూ అరుస్తున్నారు: “ఏవండీ, ఆ ఎర్ర గుడ్డ ఆపండి! అమ్మాయి తల మీదిదండీ!” బస్సు ఎక్కబోతున్నవాళ్ళు దిగి మరీ చూశారు. ఎవరో కాలితో తొక్కి ఆపారు. దుమ్ము దులిపి, నా మొహంలోకి చూడకుండా చేతికిచ్చారు. ఆ మనిషి చూడకపోవడమే నాకు ఎక్కువగా గుచ్చుకుంది. ఆవిడని అక్కడే వదిలేసి ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాను.

ఆ తరవాత చాలా రోజులు నేను తలుపు తీయలేదు. ఆవిడ వరండాలో నిలబడి తలుపు అవతల నుంచే మాట్లాడేవారు. “పద్మా, తప్పు నాది కాదమ్మాయ్, గుడ్డది” అన్నారొకరోజు. ఆ మాట విని పై వాటా వాళ్ళు కూడా నవ్వారు. ఇంకో రోజు తలుపు కింద నుంచి పల్చటి జార్జెట్ గుడ్డ ఒకటి లోపలికి తోశారు. అది జారలేదు గానీ, కాసేపటికే చెమట ఆరక నుదురంతా పొక్కింది. ఆ సంగతి తెలిసి నేత గుడ్డ తెచ్చారు. నేత గుడ్డ మంచిదే. కానీ ఆవిడ దాన్ని తన పద్ధతిలో చిక్కటి గంజి పెట్టి ఆరేశారు. కట్టుకుంటే తల మీద అట్టపెట్టె బోర్లించినట్టు నిలబడింది. రమణ గారు ఆఫీసు నుంచి వచ్చి నన్ను చూసి, ఎన్నో వారాల తరవాత పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వానన్న కోపం కూడా ఎస్తేరమ్మ గారి మీదే పెట్టుకున్నాను.

“ఇక్కడ లాభం లేదు. తాడేపల్లిగూడెం వెళ్దాం. అక్కడ హోల్‌సేల్ కొట్లున్నాయి. ఇంకా రకాలు చూడొచ్చు” అన్నారు చివరికి. స్కూళ్ళు తెరిచే రోజులు దగ్గరపడుతున్నాయి. హెడ్మాస్టరు గారు రెండుసార్లు ఫోన్ చేసి, వస్తారా, ఇంకొకరిని చూసుకోమంటారా అని చాలా మర్యాదగా అడిగారు. నేను జవాబు దాటేశాను. ఆ సంగతి ఎస్తేరమ్మ గారికి చెప్పలేదు. చెబితే వీధికంతటికీ తెలిసేది.

గూడెం బస్సులో నేను కిటికీ పక్కన కూర్చున్నాను. భీమడోలు రాకముందే ఆవిడ వెనక సీటావిడతో నా చరిత్ర మొదలుపెట్టేశారు. నల్లజర్లలో పెళ్ళికి వెళ్తున్న ఆవిడట. ఆపరేషను ఎప్పుడయిందీ, ఎన్ని సెలైన్లు ఎక్కించారూ, శాటిన్ గుడ్డ ఎలా ఎగిరిపోయిందీ, ఏదీ వదల్లేదు. పెళ్ళికి వెళ్తున్నావిడ నా భుజం తట్టి దేవుడి పేరు చెప్పింది. నాకు చెవులు వేడెక్కిపోయాయి. గూడెంలో దిగి బట్టల కొట్టు మెట్ల దాకా పళ్ళు బిగపట్టుకుని నడిచాను. మెట్ల మీద ఆగిపోయాను.

“ఆంటీ, ఇక చాలండీ.”

“ఏం చాలు?”

“నా తల గురించి మీరు మాట్లాడకండి. నా జబ్బు గురించి ఎవరికీ చెప్పకండి. అది నాది. చెప్పాలనుకుంటే నేను చెప్పుకుంటాను.” పెద్దావిడతో నేను అలా మాట్లాడింది అదే మొదటిసారి. ఆ మాటకొస్తే ఎవరితోనైనా అదే మొదటిసారి.

ఆవిడ మొహం చిన్నబోయింది. నిజంగానే నొచ్చుకున్నారు. “అయితే నువ్వే చెప్పుకో. నేను నోరెత్తితే అడుగు” అన్నారు.

లోపల కొట్టాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, “రండమ్మా, ఏం చూపించమంటారండీ?” అన్నాడు. అలవాటుగా ఎస్తేరమ్మ గారి వైపు చూశాను. ఆవిడ నోటి నిండా నీళ్ళు పోసుకున్నట్టు బుగ్గలు బిగించి, ఎదురుగా ఉన్న తానుల్ని చూస్తున్నారు.

“స్కార్ఫుకండీ” అన్నాను.

“బండి మీద కట్టుకోవడానికా అండీ? అమ్మాయిగారికా?”

అవునని తప్పించుకోవచ్చు. ఏదో ఒకటి కొనుక్కుని వెళ్ళిపోవచ్చు. అలా వచ్చిన గుడ్డలు మూడు అప్పటికే ఇంట్లో బీరువాలో పడి ఉన్నాయి. “కాదండీ, నాకే” అన్నాను. “నాకు క్యాన్సరండీ. జుట్టు లేదు. జారకూడదు, చెమట పీల్చుకోవాలి, మెడ దగ్గర గరగరలాడకూడదు. రోజంతా కట్టుకుని క్లాసులో నిలబడి పాఠం చెప్పాలి.”

మెల్లగా చెబుదామనుకున్నది గట్టిగానే బయటికొచ్చింది. ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు, మళ్ళీ వాళ్ళ బేరాల్లో పడ్డారు. కొట్టాయన “అలాగాండీ, కూర్చోండి” అని ఫ్యాను నా వైపు తిప్పాడు. నేను చెప్పిన మాటల్లో చివరిది విని నేనే నిర్ఘాంతపోయాను. స్కూలుకి మళ్ళీ వెళ్తానని నాకు నేనే ఎప్పుడు చెప్పుకున్నానో నాకు తెలియదు. గుడ్డ గురించి చెబుతుంటే వచ్చేసింది.

రకరకాల గుడ్డలు తీశాడు. పాప్లిన్ బిరుసుగా ఉంది. రేయాన్ చల్లగా ఉంది గానీ ముడి నిలవలేదు. జాకెట్లకి వాడే టూ బై టూ దాదాపు సరిపోయింది, కానీ చుట్టేసరికి తల బరువెక్కింది. అద్దం ముందు నిలబడి, తల మీది విగ్గు తీసేసి, ఒక్కొక్కటీ చుట్టి చూసుకున్నాను. పిడికిట్లో నలిపి, మెడ వెనక రుద్దుకుని, తల అటూ ఇటూ విదిలించి చూశాను. మొదటి రెండింటికీ ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి చూసుకున్నాను. తరవాత పనిలో పడి మర్చిపోయాను. చివరికి మల్ గుడ్డ తీశాడు, పల్చటి మెత్తటి నూలుది. తల మీద పెట్టుకోగానే అక్కడే కూర్చుంది. విదిలించినా కదల్లేదు. “ఉతికే కొద్దీ ఇంకా మెత్తబడుతుందండీ” అన్నాడు. బూడిద రంగులో ఉన్నది ఎంచుకున్నాను.

అంతసేపూ ఓపిక పట్టిన ఎస్తేరమ్మ గారు ఇక ఆగలేకపోయారు. “ఆ రంగేంటమ్మాయ్, పొయ్యిలోంచి తీసినట్టు! ఆ పసుప్పచ్చ పూలది తీసుకో.”

“వద్దండీ.”

“నా మాట విను.”

“విననాంటీ. ఇదే కావాలి.”

ఆవిడ కొట్టాయన వైపు తిరిగి, “చూశారాండీ, ఎంత పెంకిదో!” అన్నారు. ఆయన నవ్వి, అంచున గాటు పెట్టి, పర్రుమని చించాడు.

నా చేత చెప్పించడానికే ఆవిడ కావాలని నోరు మూసుకున్నారని రమణ గారు అంటారు. నేను ఒప్పుకోను. ఆవిడకంత ఉపాయం లేదు. నిజంగానే అలిగారు. తిరుగు ప్రయాణంలో ఏలూరు వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. భీమడోలులో వేరుశెనక్కాయలు కొనుక్కుని, నాకు ఒక్కటీ పెట్టకుండా మొత్తం తనే తిన్నారు. దీవెనలా ఏదో ఒక మాట అని నన్ను మార్చేసిన మనిషి కాదావిడ. ఆవిడ విసిగించగా విసిగించగా నేను మారాల్సి వచ్చింది.

హెడ్మాస్టరు గారికి వస్తున్నానని చెప్పి, స్కూలు తెరిచిన రోజు బూడిద రంగు గుడ్డ కట్టుకుని బస్సెక్కాను. రోడ్డుకి రెండు వైపులా చేపల చెరువులు, గట్ల మీద కొంగలు, ఆ నీచు వాసన. అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. స్టాఫ్ రూములోకి వెళ్ళేసరికి హెడ్మాస్టరు గారు ఎదురొచ్చి, “మేడమ్, మీ కుర్చీ ఫ్యాను కిందికి మార్పించానండీ” అన్నారు. ఎందుకండీ అంటే, “నిన్న ఎవరో పెద్దావిడ ఫోన్ చేశారు. మీరు ఎక్కువసేపు నిలబడకూడదనీ, మెట్లెక్కించొద్దనీ, పిల్లల్ని అల్లరి చెయ్యనివ్వొద్దనీ చాలా వివరంగా చెప్పారండీ” అన్నారు. ఎంత వివరంగా చెప్పి ఉంటారో నాకు తెలుసు. అక్కడే నిలబడి కళ్ళు మూసుకుని పది దాకా లెక్కపెట్టుకున్నాను. గూడెంలో అంత చెప్పినా ఆవిడ మారలేదు.

ఎనిమిదో తరగతిలో పిల్లలు గుడ్డ వైపే చూస్తున్నారు. ఒక చేపల రైతు కూతురు లేచి, “టీచర్, లోపల బోడి గుండా అండీ?” అని అడిగింది. పక్కపిల్ల ఆమెని గిల్లింది. “అవును. జబ్బు చేసి మందులు వాడితే జుట్టు ఊడిపోయింది. మళ్ళీ వస్తుంది. పుస్తకాలు తియ్యండి” అన్నాను. తీశారు. అంత సులువుగా అయిపోతుందని ముందే ఎవరైనా చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు.

జుట్టు వచ్చింది, ముందు ఉంగరాలుగా, తరవాత మామూలుగా. ఎస్తేరమ్మ గారు నా జుట్టు గురించి వీధికి కబుర్లు చెప్పడం మాత్రం ఆపలేదు. తరవాతి రోజుల్లో బజారుకి వెళ్ళినప్పుడు దారి మధ్యలో ఆగిపోయేవారు. చెప్పులో రాయి పడిందనేవారు. మేడ మెట్ల మీద ఆగి, కాలవ చూస్తున్నాననేవారు. ఆ మెట్ల మీంచి కాలవ కనబడదు. ఈవిడకి ఇదొక కొత్త చాదస్తమనుకున్నాను. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నావిడ మళ్ళీ లేవలేదు.

రాజమండ్రి నుంచి కొడుకు వచ్చాడు. సమాధి కార్యక్రమం అయ్యాక మా వరండాలో కూర్చుని, “గుండెలో వాల్వు పాడైందండీ. మీరు మళ్ళీ స్కూలుకి వెళ్ళడం మొదలెట్టిన ఏడాదే డాక్టరు ఆపరేషను చేయించుకోమన్నారు. వద్దంది. ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది” అన్నాడు.

“నాకు కూడానా?” అన్నాను.

“ముఖ్యంగా మీకు చెప్పొద్దందండీ. మీకు మళ్ళీ హాస్పిటళ్ళ గొడవ ఎందుకని.”

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. లోపలికి వెళ్ళి వంటింట్లో గిన్నెలన్నీ చప్పుడయ్యేలా సర్దాను. నా రొమ్ములో గడ్డ సంగతి బస్సులో వాళ్ళకీ, కొట్టు వాళ్ళకీ, మా హెడ్మాస్టరుకీ చెప్పిన మనిషి, తన గుండె సంగతి ఎదురు వాటాలో ఉన్న నాకు చెప్పలేదు. అడిగితే తోడు వెళ్ళేదాన్ని కదా. విజయవాడలో ఏ డాక్టరు ఎక్కడుంటారో నాకంటే ఎవరికి తెలుసు? ఒక్క మాట చెప్పడానికి ఆ గొంతు ఎటు పోయింది? రమణ గారు వచ్చి గిన్నె నా చేతిలోంచి తీసుకున్నారు. అప్పుడు ఏడ్చాను. ఏడుస్తూ కూడా ఆవిణ్ణి తిడుతూనే ఉన్నాను.

ఆ కోపం ఇంకా పోలేదు, పోవాలని కూడా నేను అనుకోవడం లేదు. దాని వల్ల నాకొక అలవాటు మిగిలింది. ఎలా ఉన్నారండీ అని ఎవరైనా అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మా వైపు ఆ ప్రశ్నకి జవాబు ముందే ఉంటుంది, బాగున్నామండీ అని. అడిగినవాళ్ళూ అదే ఆశిస్తారు. ఆపరేషనైన వైపు చెయ్యి నాకు అప్పుడప్పుడు వాచి లాగుతూ ఉంటుంది. నిన్న పొద్దున్న స్టాఫ్ రూములో హెడ్మాస్టరు గారు కాగితాలు చూసుకుంటూ, తల ఎత్తకుండానే, “ఎలా ఉన్నారు మేడమ్?” అన్నారు.

“ఇవాళ బాగాలేదండీ. చెయ్యి నిన్నటి నుంచీ లాగుతోంది. బోర్డు మీద రాయలేను. మొదటి పీరియడు మీరు తీసుకోగలరాండీ?” అన్నాను.

ఆయన తల ఎత్తి ఒక్క క్షణం నన్ను చూశారు. కాగితాలు పక్కన పెట్టి, సుద్దముక్క తీసుకుని, మా ఎనిమిదో తరగతి వైపు నడిచారు. నేను కూర్చున్నాను.